పాము తరఫున

శ్రీకాళహస్తిలో వర్తకులంతా కలిసి నడిపే హైస్కూల్లో శుక్రవారం ఆఖరి పీరియడ్‌ను ధర్మబోధ అనేవారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను పొడుగు హాల్లో కూర్చోబెట్టి తెలుగు పండితుడు మునిరామయ్య ఆ క్లాసు చెప్పేవాడు. స్కూలు రేకుల షెడ్డులో ఉన్న కాలం నుంచీ అది ఆయన క్లాసే. ఆయన ఒక పాదం చదివితే పిల్లలు ఆ పాదాన్ని తిరిగి అనాలి. తప్పినవాడు బెంచీ ఎక్కాలి. ఎవరైనా అర్థం అడిగితే, "ముందు నోటికి రానీరా. అర్థానికేం, వయసొస్తే అదే వస్తాది" అనేవాడు.

ఆయన గొంతు మాత్రం గొప్పది. పద్యం ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవారు. ఏటా తిరుపతిలో జరిగే పద్యపఠనం పోటీలో షీల్డు కాళహస్తి దాటి పోయింది తక్కువ. పెళ్ళిళ్ళకు వెళితే, "ధర్మబోధ అయ్యవారొచ్చినారు, ముందర కుర్చీ వెయ్యండప్పా" అనేవాళ్ళు. ఆ పిలుపు చెవిన పడితే మునిరామయ్యకు కడుపు నిండినట్టుండేది.

1979లో బడి తెరిచేసరికి పిల్లలు ఎక్కువైపోయారు. హాలు చాల్లేదు. హెడ్మాస్టరు కృష్ణమూర్తి ఏడో తరగతిని విడదీసి పక్క గదిలో వేశాడు. వాళ్ళకు ధర్మబోధ చెప్పే పని, ఆ ఏడే చిత్తూరు నుంచి వచ్చిన డ్రాయింగు టీచరు నిర్మలమ్మకు అప్పజెప్పాడు.

"బొమ్మలేసే ఆయమ్మకు ధర్మబోధ ఏందప్పా?" అన్నాడు మునిరామయ్య.

"ఒకే పీరియడ్లో మీరు రెండు గదుల్లో ఉండలేరు గదా సార్. ఆమెకు ఆ టైము ఖాళీ. ఏదో నాలుగు కతలు చెప్పిస్తాము" అన్నాడు హెడ్మాస్టరు.

నాలుగు కథలేగా అని మునిరామయ్య సరిపెట్టుకున్నాడు. ఒక్కటే చిన్న ములుకు. ఆయన కూతురు నాగరత్నం ఆ ఏడు ఏడో తరగతి.

హాలుకూ ఆ గదికీ మధ్య చెక్కల అడ్డుగోడ ఒక్కటే. రెండో శుక్రవారం మునిరామయ్య పద్యం రెండో పాదంలో ఉండగా గోడ అవతల నుంచి గొల్లున నవ్వు లేచింది. హాల్లో పిల్లల తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. ఆయన బెత్తంతో బల్ల మీద కొట్టాడు. తలలు ఇటు తిరిగాయి గాని చెవులు తిరగలేదు. మళ్ళీ నవ్వు. ఈసారి ఆ నవ్వుల్లో కూతురి గొంతు ఆయనకు స్పష్టంగా వినబడింది. ఇంట్లో ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగా ఆయన ఎప్పుడూ వినలేదు.

సుద్దముక్క వంకతో పక్క గదికి వెళ్ళాడు. బెంచీలు గోడకు నెట్టేసి ఉన్నాయి. పిల్లలు నేల మీద మోకాళ్ళేసుకుని రంగు సుద్దలతో బొమ్మలు గీస్తున్నారు. గదంత ఏనుగు, దాని పక్కన మెలికలు తిరిగిన పాము, మూలన సాలెపురుగు. ఊరికి పేరు తెచ్చిన మూడు జీవాలు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు అని ఆ ఊళ్ళో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. మూడూ అడవిలో శివలింగాన్ని కొలిచాయి, మూడూ ఆ సేవలోనే ప్రాణాలు వదిలి శివుడిలో కలిసిపోయాయి.

"ఏనుగు పొద్దున్నే లేచి యాడికి పోతుంది?" నిర్మలమ్మ అడుగుతోంది. ఆమెకు పాతికేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి.

"ఏటికి పోతాది టీచర్! తొండంలో నీళ్ళు పట్టకొస్తాది!"

"సామికి పోసేటప్పుడు ఎట్ట పోస్తుంది? చూపించు."

వెంకటముని అనే లావాటి పిల్లవాడు చేతిని తొండంలా ఊపుతూ లేచి, పక్కవాడి నెత్తిన నీళ్ళు పోసినట్టు నటించాడు. అందరూ మళ్ళీ గొల్లుమన్నారు.

గుమ్మంలో నిలబడిన పండితుణ్ణి చూసి నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. నాగరత్నం లేచి నిలబడి, చేతులకు అంటిన రంగును పావడాకు తుడుచుకుంది. నాన్నను చూసి భయపడినట్టు కాదు, అయ్యవారిని చూసి భయపడినట్టు నిలబడింది. అది ఆయనకు బాగా తగిలింది.

"రండి సార్" అంది నిర్మలమ్మ.

"సుద్దముక్క అయిపోయిందమ్మా" అన్నాడు మునిరామయ్య. ఆమె నవ్వుతూ ఇచ్చింది. దాన్ని తీసుకుని ఆయన వెనక్కి వచ్చేశాడు.

మరుసటి వారం పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక సంగతి అడిగి రావాలని నిర్మలమ్మ చెప్పి పంపింది: మీరు చిన్నప్పుడు దేవుడికి ఏం చేసేవాళ్ళు? ఆ సాయంత్రం మునిరామయ్య వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, లోపల ఆయన తల్లి కుప్పమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. నాగరత్నం వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, నువ్వు సిన్నప్పుడు దేవుడికి ఏం జేసేదానివి?"

"ఎవురే ఇది అడగమనింది?"

"మా టీచర్."

కుప్పమ్మ చేతిలో పని ఆపేసింది. ఆమె పుట్టిల్లు తిరుపతి. "మా నాయన గంగమ్మ జాతరకు బైరాగి వేషం కట్టేవోడే. ఒళ్ళంతా తెల్లగా సుద్ద పూసుకోని, వేపమండ పట్టుకోని వీధుల్లో పోతా ఉంటే నాకు గుర్తే తెలిసేది కాదు. ఒగ తూరి నన్ను సూసి 'ఏయ్ పిల్లా' అని అరిసినాడు. నేను జడుసుకోని ఏడ్సినాను. మా నాయన వేషంలోనే నన్ను ఎత్తుకోని, 'నేనే గదే, నీ నాయన్నే' అన్నాడు. ఆ సుద్దంతా నా మొగానికి అంటుకునింది. ఇంటికొచ్చినాక మాయమ్మ కడగబోతే కడగనియ్యలేదు. అమ్మోరు నన్ను ముట్టుకునింది అనుకున్నా."

చెబుతూ చెబుతూ కుప్పమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆమె గొంతులో ఆ ఉత్సాహం మునిరామయ్యకు కొత్త. పేపర్లు పక్కన పెట్టి లోపలికి వచ్చాడు.

"ఇదంతా నాకెప్పుడూ చెప్పనే లేదే?"

"నువ్వు యాడ అడిగినావురా? జాతర అనే పేరెత్తితే సాలు, 'అదంతా శాస్త్రంలో లేదులేమ్మా' అంటివి." కుప్పమ్మ మనవరాలి తల నిమిరింది. "ఆ టీచరమ్మను ఒగనాడు ఇంటికి పిల్సకరాయే. బిడ్డ మంచిది మాదిరుండాది."

ఆ పూట సంగటి ముద్ద ముందు పెట్టుకుని మునిరామయ్య అదే ఆలోచించాడు. పిల్లలు అటు వెళ్ళారంటే పిల్లలు. కన్నతల్లి కూడానా? ఇన్నేళ్ళూ ఆమె తన ఇంట్లోనే ఉంది. ఆ మాటలు బయటికి తీయడానికి చిత్తూరు నుంచి ఎవరో రావాలా?

ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా ఆయన చెవిన పడేది నిర్మలమ్మ పేరే. కూరగాయల అంగట్లో ఎవరో తల్లి, "మా వోడు శుక్రవారం జొరమొచ్చినా బడికి పోతా అంటాడు సార్" అనేది. మంగలి అంగట్లో, "ఆయమ్మ పిల్లకాయల్ని ఏట్లోకి పిల్సకపోయి ఇసకతో లింగాలు సేయించిందంట గదా" అనేవాళ్ళు. మునిరామయ్య నవ్వేవాడు, తల ఊపేవాడు. ఇంటికి వచ్చాక ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా నెమరేసుకునేవాడు. ఆమె అడిగే ప్రశ్నలు ఏపాటివి? పద్యం వచ్చా ఆమెకు? సంధి వచ్చా? గణాలు తెలుసా? ఏమీ రాదు. ఏమీ రాకపోయినా అందరూ ఆమె చుట్టూ తిరుగుతున్నారు. తనకు అన్నీ వచ్చు. ఎవరూ రావడం లేదు.

దీపావళి సెలవులకు ముందు ఒక రోజు నాగరత్నం అన్నం తింటూ అంది, "వచ్చే వారం మా క్లాసులో పంచాయితీ నాయనా. ఏనుగుదా తప్పు, పాముదా తప్పు అని. నేను పాము తరఫు."

"దేవుడి కతలో తప్పు పట్టేదానికి మీరెవరే?" అన్నాడు. అంటూనే ఆయనకు దారి కనబడింది.

సాయంత్రం చెంగయ్య శెట్టి నూనె మిల్లుకు వెళ్ళాడు. చెంగయ్య స్కూలు కమిటీకి ప్రెసిడెంటు. భక్తిపరుడు, నుదుట విభూతి లేకుండా మిల్లు గేటు దాటడు. మునిరామయ్య ఎక్కడా గొంతు పెంచలేదు. నిర్మలమ్మ మంచి పిల్లే అన్నాడు. కష్టపడుతుంది అన్నాడు. చివర్లో, "ఒకటే బాధ శెట్టిగారూ. సామిలో ఐక్యమైన జీవాల్ని పంచాయితీకి ఈడ్చి తప్పొప్పులు తేలుస్తారంట. నాకెందుకులే అనుకున్నా. రేపు ఊళ్ళో ఎవురన్నా అడిగితే మాట కమిటీ మీదికి వస్తాది గదా అని" అన్నాడు.

చెంగయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. "నేనొచ్చి సూస్తాను. చెప్పొద్దు ఎవురికీ" అన్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు మునిరామయ్యకు అడుగులు తేలిగ్గా పడ్డాయి. తను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ సంగతి పదే పదే తనకు తాను చెప్పుకున్నాడు.

శుక్రవారం చెంగయ్య, హెడ్మాస్టరు, వెనకే మునిరామయ్య ఏడో తరగతి గదిలోకి వచ్చారు. హాల్లో పిల్లలకు పద్యం రాసుకోమని చెప్పి వచ్చాడు ఆయన. నిర్మలమ్మ ముఖం రంగు మారింది గాని, "కూర్చోండి" అని వెనక బెంచీ చూపించి, పిల్లల వైపు తిరిగింది.

వెంకటముని లేచాడు. వాడు ఏనుగు.

"నేను పొద్దున్నే లేసి ఏట్లో మునిగి, నీళ్ళు, మారేడాకులు తెస్తా. వచ్చి సూస్తే సామి మీద ఏవో రాళ్ళు! ఎవురో గలీజు చేసినారని తోసేసి కడిగేస్తా. రోజూ ఇదే పని."

"అవి రాళ్ళు కావు!" నాగరత్నం లేచింది. "మణులు. నేను పాతాళం నుంచి తెచ్చినాను. నీకు తొండముండాది, బలముండాది. నాకు చేతుల్లేవు, కాళ్ళు లేవు. నోట్లో పెట్టుకోని పాక్కుంటా తెచ్చినాను. మళ్ళా వచ్చి సూస్తే నా మణులు కింద పడుండాయి, పైన పచ్చాకులు. నాకు ఎట్టుంటాది?"

"నీవని నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోతే నాకు తెలుసా నువ్వు పూజ చేస్తా ఉండావని? నా పూజ చెరపాలనే వస్తా ఉండావనుకున్నా."

వెనక వరస నుంచి ఒక పిల్ల అడిగింది. "అయితే ఒకనాడు ఆడే ఉండి, ఎవురొస్తారో సూసి, అడగొచ్చు గదా? తొండంలో దూరి కరవడం ఎందుకు?"

నాగరత్నం పావడా అంచు మెలిపెట్టింది. "అడగాలంటే సిగ్గు" అంది. "ఆ ఏనుగు వచ్చినాక సామి నా మణుల్ని సూడనే లేదు అనిపించింది. అడిగితే ఆ మాట బయటికి చెప్పాల గదా. దానికంటే కరిసేదే సులువు."

మునిరామయ్య చేతులు బెంచీ అంచును పట్టుకున్నాయి. కూతురు తనను చూడటం లేదు. పాము మాటే చెబుతోంది. అయినా ఆయనకు చెవులు వేడెక్కాయి. పక్కన కూర్చున్న చెంగయ్య ముందుకు వంగి, తనను తాను మరిచి, "ఒరే ఏనుగూ" అని పిలిచాడు. "పాము తొండంలో దూరినాక నువ్వేం జేసినావు?"

"నొప్పికి తాళలేక తల బండకేసి కొట్టుకున్నా సామీ. నేనూ సచ్చినా, పామూ సచ్చింది."

"మరి సామి ఇద్దర్నీ ఎందుకు కలుపుకున్నాడు? ఒకరిదన్నా తప్పుండాల గదా?"

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి వెంకటముని గొణిగాడు. "ఇద్దరూ తెచ్చింది ఆయనకే గదా సామీ. కొట్లాట మాది. ఆయనకు ఆకులూ కావాల, మణులూ కావాల."

చెంగయ్య కండువా తీసి కళ్ళద్దుకున్నాడు. "ఈ గుడి మెట్లు పుట్టినకాణ్ణుంచి ఎక్కతా ఉండాను. ఈ మాట ఒక్కనాడు తలకాయలోకి రాలేదే" అన్నాడు. నిర్మలమ్మకు చేతులు జోడించాడు. బయటికి వస్తూనే హెడ్మాస్టరుతో, "హాల్లో పిల్లకాయల్ని కూడా ఈయమ్మకే ఇయ్యండి. గదులు సాలకపోతే వరండాలో కూసోబెట్టండి" అన్నాడు. తర్వాత మునిరామయ్య భుజం తట్టాడు. "మీరు చెప్పబట్టే వచ్చినాను అయ్యవారూ. మంచి పని జేసినారు."

అలా మునిరామయ్య ధర్మబోధ పోయింది. ఎవరూ లాక్కోలేదు. తనే తీసుకెళ్ళి అప్పజెప్పినట్టయింది.

తర్వాతి శుక్రవారాలు ఆ పీరియడ్ ఆయన స్టాఫ్ రూములో గడిపాడు. పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు గాని అక్షరం చదివేవాడు కాదు. వరండా నుంచి నవ్వులు, వాదనలు, పాటలు వచ్చేవి. ఆ సందడిలో ఎక్కడైనా తగాదా వినబడితే, ఏదైనా విరిగిన చప్పుడైతే ప్రాణం లేచి వచ్చేది. ఏమీ జరిగేది కాదు. మిగిలిన ఆశ ఒక్కటే. తిరుపతి పోటీ. అక్కడ సుద్దబొమ్మలు పనికిరావు. పద్యం నోటికి రావాలి, రాగం రావాలి, యతి దగ్గర ఊపిరి ఆగాలి. అప్పుడు తెలుస్తుంది అందరికీ.

సంక్రాంతి సెలవులు అయిపోయాక నిర్మలమ్మ తనంతట తనే స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, పద్యం చదివేది నాకు చేతగాదు. నాకొచ్చింది బొమ్మలు, మాటలు. పోటీకి పిల్లల్ని మీరే తయారు చెయ్యాల."

ఆమె కళ్ళల్లో వేళాకోళం ఏమైనా ఉందేమోనని మునిరామయ్య వెతికాడు. లేదు. లేకపోవడం ఆయనకు మరీ కష్టమైంది.

"ఇప్పుడు ఆ క్లాసు నీదమ్మా. మధ్యలో నేను దూరితే బాగుండదు" అన్నాడు మెత్తగా.

"నాగరత్నాన్ని పంపుతా ఉండాము సార్. మీ బిడ్డే."

"పంపండి. నాకేం అభ్యంతరం?"

ఆ సాయంత్రం నాగరత్నం పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. "నాయనా, ఈ పద్యం ఒకసారి చదివి ఇనిపిస్తావా?"

"మీ టీచర్నే అడుగు" అన్నాడు.

ఆ పిల్ల ఒక క్షణం నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. రోజూ పెరట్లో తులసికోట పక్కన నిలబడి తనకు తోచినట్టు చదువుకునేది. మూడో పాదంలో ప్రతిసారీ ఒకే చోట తప్పుగా విరిచేది. వసారాలో కూర్చుని మునిరామయ్య ఆ తప్పు రోజూ విన్నాడు. పెదవి దాకా వచ్చిన సవరణను రోజూ మింగాడు.

పోటీకి పిల్లలను తీసుకెళ్ళడానికి హెడ్మాస్టరు ఇద్దరినీ వెళ్ళమన్నాడు. శనివారం తిరుపతిలో ఒక కళ్యాణమండపంలో వేదిక. చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె బళ్ళ నుంచి పిల్లలు వచ్చారు. ముందటి ఏళ్ళలో మునిరామయ్య వేదిక పక్కన స్తంభం దగ్గర నిలబడేవాడు. పిల్లవాడు తడబడితే చాలు, ఆయన పెదవులు కదిలేవి, పద్యం గట్టెక్కేది. ఈసారి జనం మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. స్తంభం దగ్గర నిర్మలమ్మ నిలబడింది.

నాగరత్నం మొదటి రెండు పాదాలు బాగా చదివింది. మూడో పాదంలో, ఆ తప్పు విరిచే చోటే, గొంతు ఆగిపోయింది. నిర్మలమ్మ వైపు చూసింది. ఆమెకు తెలియదు. అప్పుడు జనంలో తండ్రిని వెతుక్కుంది. కనుక్కుంది.

ఆ పదం ఆయన నాలుక మీదే ఉంది. పెదవి కదిపితే చాలు. మునిరామయ్య తల దించుకుని కండువా మడతలు సరిచేసుకున్నాడు. ఆ తల దించిన క్షణంలో ఆయన గుండెలో ఒక తీపి కలిగింది. ఆ తీపిని ఆయన తర్వాత ఎన్నేళ్ళైనా మరచిపోలేకపోయాడు.

వేదిక మీద నాగరత్నం సన్నటి గొంతుతో, "మిగిలింది మర్సిపోయినాను. అర్థం చెబుతాను" అని మొదలుపెట్టింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన దయగానే, "అర్థం కాదమ్మా, పద్యం కావాల. పోయి కూర్చో" అన్నాడు. జనంలో ఎవరో నవ్వారు.

షీల్డు పుత్తూరుకు పోయింది.

బయట చిత్తూరు పండితుడు దేవరాజులు ఎదురయ్యాడు. పాత స్నేహితుడు. "ఏం మునిరామయ్యా, కాళహస్తి ఈ తూరి సల్లబడిందే! నువ్వు నేర్పలేదు మాదిరుండాది?"

ఎన్నో నెలలుగా ఎదురుచూసిన మాట అది. దానికి జవాబు కూడా మునిరామయ్య దగ్గర ఎప్పటి నుంచో తయారుగా ఉంది. నోరు తెరిచాడు. అంతలో కొళాయి దగ్గర కూతురు కనబడింది. ముఖం కడుక్కుంటోంది, తుడుచుకుంటోంది, మళ్ళీ కడుక్కుంటోంది. నిర్మలమ్మ పక్కన నిలబడి ఆమె జడ తడవకుండా పట్టుకుంది. తయారుగా ఉన్న జవాబు మునిరామయ్య నోట్లోనే చేదైపోయింది. "లేదప్పా, నేర్పలేదు" అని మాత్రం అన్నాడు.

తిరుగు బస్సులో మిగతా పిల్లలు నిర్మలమ్మ చుట్టూ ముందు సీట్లలో సర్దుకున్నారు. నాగరత్నం వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. రేణిగుంట దాటి ఏర్పేడులో బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి వేరుశెనక్కాయలు అమ్మేవాళ్ళ కేకల మధ్య అడిగింది.

"నాయనా, నీకు ఆ పాదం తెలుసు గదా?"

"తెలుసు."

"నేను సూసింది సూసినావు గదా?"

"సూసినాను."

"మరి తల ఎందుకు దించుకున్నావు?"

అబద్ధాలు ఎన్నో ఉన్నాయి. కూతురు ఆయన ముఖంలోకే చూస్తోంది. "మీ టీచర్ ఓడిపోవాలని" అన్నాడు మునిరామయ్య.

ఆ పిల్లకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. కోపం రాలేదు. వింతగా చూసింది.

"ఓడిపోయింది నేను గదా నాయనా?"

బస్సు కదిలింది. కాళహస్తి వచ్చేలోపు ఆ పిల్ల నిద్రపోయింది గాని, తల ఆయన భుజం మీద కాదు, కిటికీ ఊచకు ఆనించి నిద్రపోయింది.

సోమవారం బడి మొదలు కాకముందే మునిరామయ్య డ్రాయింగు గదికి వెళ్ళాడు. నిర్మలమ్మ రంగు గిన్నెలు కడుగుతోంది. చెంగయ్య మిల్లుకు తను ఎందుకు వెళ్ళాడో, పోటీకి నేర్పమంటే ఎందుకు కాదన్నాడో, వేదిక ముందు ఏం చేశాడో నిలబడే చెప్పాడు. ఆమె గిన్నెలు కడగడం ఆపకుండా విన్నది.

"మిల్లు సంగతి నాకు తెలుసు సార్. శెట్టిగారే చెప్పినారు, మిమ్మల్ని పొగడతా. అది నేనేమీ అనుకోలేదు" అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "శనివారం సంగతి మాత్రం నేను ఓర్చుకోలేను. ఆ బిడ్డ కొళాయి దగ్గర ఏమందో తెలుసా? 'నాయన దగ్గర నేర్చుకొని ఉంటే మీకు చెడ్డపేరు వచ్చేది కాదు టీచర్, నాది తప్పు' అనింది. నాకు మీ మీద చానా కోపంగా ఉండాది సార్. ఇప్పుడు మీరొచ్చి చెప్పినారని అది పోదు."

"పోవద్దులేమ్మా" అన్నాడు ఆయన.

వెళ్ళబోతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. "శుక్రవారం క్లాసుకు రండి. నా కోపం నాకుండనీండి. పిల్లలకు పద్యం కావాల."

శుక్రవారం మునిరామయ్య వరండాలోకి వెళ్ళేసరికి మూడు తరగతుల పిల్లలు బిలబిలమంటూ ఉన్నారు. ఆయనను చూడగానే బిగుసుకుపోయి చేతులు కట్టుకున్నారు. ఆయన చేతిలో బెత్తం లేదు. ఏం చెయ్యాలో తోచక, తెలిసిన పనే చేశాడు. నాగరత్నం మరిచిపోయిన పద్యాన్ని ఎత్తుకున్నాడు. తిరిగి అనమని ఎవరినీ అడగలేదు. మూడో పాదంలో ఆ విరుపు దగ్గర ఆగి, "ఈడ ఎందుకు ఆగాల్నో మా నాగరత్నం చెబుతాది. అర్థం నాకంటే ఆ పిల్లకు బాగా తెలుసు" అన్నాడు.

నాగరత్నం లేవలేదు. తల వంచుకునే, కూర్చున్న చోటి నుంచే చెప్పింది. చివరికి మాత్రం ఒకసారి తలెత్తి చూసింది. ఆయన నాలుగో పాదం అందుకున్నాడు. వెంకటముని నోరు తెరుచుకుని వింటున్నాడు. ఎవరో పిల్లవాడు, "ఇంకొకటి సార్" అన్నాడు. ఇంకెవరో, "అవును సార్, ఇంకొకటి" అన్నారు. ఆయన క్లాసులో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

మునిరామయ్యకు ఒళ్ళు పొంగింది. రెండో పద్యం ఎత్తుకోబోతూ పక్కకు చూశాడు. నిర్మలమ్మ స్తంభానికి ఆనుకుని, చేతిలో రంగు సుద్దలు పట్టుకుని నిలబడి ఉంది. పిల్లలు ఆమె వైపు చూడటమే మానేశారు. ఆమె నవ్వుతోంది, కానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఆ ముఖం ఎలా ఉంటుందో లోపలి నుంచి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆయన గొంతు సవరించుకుని ఆగాడు. "ఇంకొకటి వచ్చే వారం" అన్నాడు. "ఇప్పుడు టీచర్ బొమ్మ వేస్తాది. ఈ పద్యంలో ఏమేమి ఉండాయో ఆమెకు మీరు చెప్పండి."

పిల్లలు ఒక్కసారిగా లేచి ఆమె చుట్టూ చేరారు. ఏరు ముందు వెయ్యాలని ఒకడు, కొండ ముందు వెయ్యాలని ఒకడు కొట్లాటకు దిగారు. మునిరామయ్య వెళ్ళి చివరి వరసలో చిన్నపిల్లల పక్కన నేల మీద కూర్చున్నాడు. లోపల ఆ పాత పులుపు ఒకసారి కదిలింది. తర్వాతి శుక్రవారాల్లోనూ కదిలింది. అయినా ఆయన ఒక్క శుక్రవారం కూడా మానలేదు.